శిష్యుని వృద్ధియే గురువునకు కిరీటము
(పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి జీవితము)



ఈ మాసము మీ యెదుట ఒక సంగీత గురువుగారి జీవితమును ఉంచుచున్నాము. ఆయన మన సంఘమునకు చెందినవారు కారు. అయినను పాట నేర్పువారును, బడిలో పాఠము చెప్పువారును, బిడ్డలను పెంచువారును ఆయన జీవితమునుండి నేర్చుకొనవలసిన సంగతి యొకటి కలదు. అది మీకంటె ముందుగా మాకే అవసరమైనది. ఎట్లనగా, చివర చెప్పెదము.

మీ చేతిలోనున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూడుడి. కీర్తనకు పైన రాగము పేరును, తాళము పేరును అచ్చువేసి యుండును. పురుషోత్తమ చౌదరి గారివంటి భక్తులు మనకు కీర్తనలు వ్రాసి యిచ్చిరి. అయితే ఆ రాగములు చెడిపోకుండ తరతరములుగా నోటినుండి నోటికి అందించినవారు సంగీత గురువులు. ఆంధ్రదేశమున అట్టి గురువులలో పేరుగన్నవారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు.

ఆయనది కృష్ణా జిల్లా. ఆ జిల్లాలోని పెదకళ్లేపల్లి వాస్తవ్యులైన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారి యొద్ద ఆయన సంగీతము నేర్చుకొనిరి. శాస్త్రిగారి గురువు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య గారు. ఆ వేంకటసుబ్బయ్య గారు 1847లో తిరువయ్యూరులో కన్నుమూసిన త్యాగరాజుగారికి స్వయముగా శిష్యులు. ఈ లెక్కను పంతులుగారు త్యాగరాజుగారినుండి నాలుగవ తరమువారు. మన పొలములకు సుంకేసుల దగ్గర తుంగభద్ర నీరు కె.సి. కాలువలో పడి ఎంతో దూరము నడచి వచ్చునట్లు, ఆ విద్య తంజావూరు సీమనుండి మనుష్యుల గుండెలలో నడచి కృష్ణా తీరమునకు వచ్చెను.

పంతులుగారు విజయవాడలో స్థిరపడి అనేకులకు విద్య చెప్పిరి. ఆ విద్య పుస్తకము చూచి అప్పగించునది కాదు. గురువు ఒక వరుస పాడును, శిష్యుడు దానిని తిరిగి పాడును. తప్పినచో మరల పాడును. సరళీ స్వరములు, జంట స్వరములు, అలంకారములు, గీతములు, వర్ణములు దాటిన తరువాతనే కృతులు. ఇట్లు ఏండ్ల తరబడి గురువు గొంతును వెంబడించి శిష్యుని గొంతు స్థిరపడును.

అట్టి శిష్యులలో మురళీకృష్ణ అను చిన్నవాడు ఒకడు. అతడు 1930 జూలై 6న తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తములో పుట్టెను. తండ్రి మంగళంపల్లి పట్టాభిరామయ్య గారు వేణువు వాయించువారు, తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించువారు. బిడ్డ పసికందుగా ఉండగనే తల్లి మరణించెను. బాలునిలోని విద్యను గుర్తించి తండ్రి అతనిని పంతులుగారి చేతికి అప్పగించెను. హన్నా తన బిడ్డను ఏలీ యొద్ద విడిచిన సంగతి చదివినవారికి, ఆ తండ్రి హృదయము కొంత తెలియును.

విజయవాడలో పంతులుగారి గురువైన శాస్త్రిగారి జ్ఞాపకార్థము సద్గురు ఆరాధనోత్సవములు జరుగుచుండెను. పెద్ద పెద్ద విద్వాంసులు వచ్చి పాడు సభ అది. 1940లో ఆ సభలోనే పదేండ్ల మురళీకృష్ణ కచేరి చేసెను. ఆ పాట విని, హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు అతని పేరునకు ముందు బాల అను మాట చేర్చిరి. నాటినుండి అతడు బాలమురళీకృష్ణ అయ్యెను. పంతులుగారికి తన గురువుకంటె పూజ్యమైనది లేదు గదా! ఆ గురువు పేరిట జరుగు సభలో శిష్యుడు నిలువబడుటయే ఆ శిష్యునిపై ఆయనకుగల నమ్మకమునకు సాక్ష్యము. గురువు గర్వపడవలసిన విధము ఇది. తనను చూపుకొనుటకు కాదు, శిష్యుని నిలువబెట్టుటకు.

ఇంతవరకు సులభమే. నేర్పినదానిని నేర్పినట్లు పాడు శిష్యునిచూచి ఎవరైనను సంతోషింతురు. కష్టము ఆ తరువాతనే కలుగును. ఈ చిన్నవాడు తానే కీర్తనలు కట్టసాగెను. మన సంగీతములో సప్త స్వరములు కలవు. వాటిలో సా, పా అనునవి కదలవు. మా రెండు విధములు. రి, గ కలిసి ఆరు విధములు, ద, ని కలిసి ఆరు విధములు. ఈ ఆరును ఆ ఆరును కూడగా ముప్పది యారు. రెండు మధ్యమములతో డెబ్బది రెండు. వీటినే మేళకర్త రాగములందురు. వీటిలో కొన్ని పెద్ద విద్వాంసుల నోటను సహితము అరుదుగా వినబడునవి. ఇరువది యేండ్లు నిండకమునుపే బాలమురళి ఈ డెబ్బది రెంటిలోను సొంతముగా కీర్తనలు రచించెను.

నాలుగు తరముల సొత్తును కాపాడవలసిన గురువునకు ఇక్కడ రెండు శోధనలు కలుగగలవు. పరంపర చెడునేమో అను భయము ఒకటి. తన పేరు మరుగునపడునేమో అను అసూయ మరియొకటి. సౌలు తన బాధ తీర్చుటకు సితారా వాయించిన దావీదునే, స్త్రీల పాటలో అతని కీర్తి విన్నప్పుడు ఓర్వలేక ఈటె విసరెను. కాని ఎల్దాదు మేదాదులు పాళెములో ప్రవచించుచుండగా, వారిని ఆపుమని యెహోషువ అడిగినను మోషే ఆపలేదు. తనవలెనే అందరును ఆత్మ పొందవలెనని కోరెను (సంఖ్యాకాండము 11వ అధ్యాయము). గురువునకు ఎదుటనున్న త్రోవలు ఈ రెండే.

పంతులుగారు ఏ త్రోవను నడచిరో వారి శిష్యులే సాక్ష్యము. ఆయన యొద్ద నేర్చిన వాయులీన విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారు సహితము వందన, శ్రీదుర్గ అను రాగములను, త్రినేత్రాది, వేదాది అను తాళములను క్రొత్తగా కల్పించిరి. ఒకే గురువు శిష్యులలో ఇద్దరు ఇట్లు క్రొత్తవి పుట్టించిరనగా, ఆ యింట శిష్యుని నోరు నొక్కబడలేదని మేము తలంచుచున్నాము. ఒకే కాలువ నీరు ఒక మడిలో వరి, మరియొక మడిలో పసుపు పండించును గదా.

పంతులుగారు 1951లో కన్నుమూసిరి. శిష్యుని డెబ్బది రెండు కీర్తనల గ్రంథము జనక రాగ కృతి మంజరి 1952లో వెలువడెను. అచ్చయిన ఆ పుస్తకమును చేతబట్టుకొను భాగ్యము గురువునకు లేకపోయెను. విత్తువాడు పంటను చూడకయే పోవుట దేవుని పొలములోను తరచుగా జరుగుచున్నది.

తరువాత బాలమురళీకృష్ణ గారు మహతి, లవంగి, సుముఖము అను నాలుగు స్వరముల రాగములను వెలువరించిరి. రాగమునకు ఇన్ని స్వరములైన ఉండవలెనని కొందరు పెద్దలు ఆక్షేపించినను ఆయన మానలేదు. 1991లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ్ బిరుదమిచ్చెను. 2016 నవంబరు 22న చెన్నైలో మరణించిరి. అంత కీర్తిలోను గురువును మరువలేదు. గురుస్మరణను గూర్చి హంసవినోదిని రాగములో కీర్తన కట్టిరి.

ఇక మా సంగతి. కొన్నియేండ్ల క్రిందట క్రిస్మసు రాత్రి, మేము ఆదివారపు బడిలో పాట నేర్పిన పిల్లవాడొకడు పాత కీర్తనకు తానే క్రొత్త వరుస కట్టి పాడెను. సంఘమంతయు ఆనందించెను. మేము మాత్రము ముఖము ముడుచుకొని, నేర్పినట్లు పాడవలెనని అందరి యెదుట గద్దించితిమి. అది పాత వరుసపైని ప్రేమ అనుకొంటిమి. కాని ఆ రాత్రి మోకాళ్లపై ఉన్నప్పుడు అది అసూయయని తెలిసెను. ఆ పిల్లవాడు రెండు నెలలు గుడిలో నోరు తెరువలేదు. చివరకు మేమే అతని యింటికి పోయి క్షమాపణ అడిగితిమి. మరుసటి ఆదివారము అతడు ముందు నిలిచి ఆ వరుసను సంఘమునకు నేర్పుచుండగా మేము వెనుక బల్లపై కూర్చుండి నేర్చుకొంటిమి. అంత సంతోషము మా ప్రసంగములలో దేనివలనను మాకు కలుగలేదు.

ప్రియులారా, మీయొద్ద నేర్చినవాడు మిమ్మును మించి పాడినప్పుడు, దున్నినప్పుడు, ప్రార్థించినప్పుడు మీ ముఖము ఎట్లుండునో పరీక్షించుకొనుడి. పౌలు తాను కనిన సంఘమునే తన ఆనందమును కిరీటముగా ఎంచెను. అట్టి కిరీటమును దేవుడు మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.