కిర్రుమనే తలుపు

ఆ ఇంట్లో ఒక తలుపు ఉండేది. తీసినా వేసినా కిర్రుమని చప్పుడు. ఎవరైనా బాగుచేయిస్తామంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. ఆ చప్పుడు వినబడగానే రాస్తున్న చిన్నచిన్న కాగితాల్ని బ్లాటింగ్ పేపరు కింద దాచేసేదట. వచ్చేది పనిమనిషి కావచ్చు, ఊళ్ళోవాళ్ళు కావచ్చు. తను నవల రాస్తున్న సంగతి అయినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు! ఆమె మేనల్లుడు తన పెద్దతనంలో రాసిన జీవితచరిత్రలో ఈ ముచ్చట చెప్పాడు.

ఆవిడే జేన్ ఆస్టెన్. మాకు డిగ్రీలో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ఉండేది. అయిదుగురు ఆడపిల్లలు, వాళ్ళ పెళ్ళిళ్ళ కోసం ఆరాటపడే తల్లి... అచ్చం మా వీధిలో కథలా ఉందే అనుకుని, గైడు చూసి పరీక్ష రాసి మరిచిపోయాను. ముప్ఫై అయిదు దాటాక మళ్ళీ చదివితే, నవలకంటే అది రాసిన మనిషి మీద ధ్యాస మళ్ళింది. ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమెకి ముప్ఫై ఏడేళ్ళు. మొదటిసారి రాసి ముగించింది మాత్రం ఇరవై ఒకటో ఏట! మధ్యలో అన్నేళ్ళు ఏమైనట్టు?

1775 డిసెంబరు 16న ఇంగ్లండులోని స్టీవెంటన్ అనే పల్లెలో పుట్టింది జేన్. తండ్రి చర్చి పాస్టరు. ఎనిమిదిమంది పిల్లల్లో ఏడోది. ఆడపిల్లలు ఇద్దరే, అక్క కసాండ్రా, తను. డబ్బుకి ఇబ్బందే కానీ ఇంట్లో పుస్తకాలకి కొదవలేదు. కూతురు రాసే కథలు తండ్రికి ముద్దు. 1797లో ఆయనే స్వయంగా లండన్‌లో ఒక ప్రచురణకర్తకి, నవల పంపమంటారా అని ఉత్తరం రాశాడు. రాతప్రతి కంటితో చూడకుండానే, అక్కర్లేదని తిరుగుటపాలో జవాబు!

1801లో తండ్రి ఉద్యోగం కొడుక్కి అప్పగించి బాత్ పట్నానికి కాపురం మార్చాడు. పుస్తకాలూ, జేన్ వాయించుకునే పియానో అమ్మేశారు. ఆ మరుసటేడు చివర్లో ఒక పెద్ద ఎస్టేటుకి వారసుడైన కుర్రవాడు పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఆమెకి ఇరవై ఏడు నిండబోతున్నాయి, చేతిలో చిల్లిగవ్వ లేదు. సాయంత్రం సరేనంది. రాత్రంతా ఏమాలోచించిందో, తెల్లారేసరికి కాదని చెప్పేసి ఆ ఇంటినుంచి వచ్చేసింది. అలాంటి సంబంధాన్ని కాలదన్నుకుంటే మన ఇళ్ళలో ఏమంటారో నేను వేరే చెప్పాలా?

1803లో ఇంకో నవలని పది పౌన్లకి అమ్మింది. కొన్నవాడు అచ్చు వెయ్యకుండా అటకమీద పెట్టాడు. ఆరేళ్ళు చూసి, మారుపేరుతో గట్టిగా ఉత్తరం రాసింది. ఆ మారుపేరులోని మొదటి అక్షరాలు మూడూ కలిపితే ఇంగ్లీషులో ఒళ్ళు మండిపోయిందనే అర్థం వస్తుంది! పది పౌన్లు తిరిగిచ్చి పట్టుకెళ్ళమన్నాడాయన. ఆ పది పౌన్లు ఆమె దగ్గర లేవు.

ఈలోగా 1805లో తండ్రి పోయాడు. తల్లీ కూతుళ్ళు ముగ్గురూ మగపిల్లలు పంపే డబ్బుతో, ఈ ఊరూ ఆ ఊరూ తిరుగుతూ గడిపారు. ఆ రోజుల్లో మొదలుపెట్టిన ఒక నవల సగంలోనే ఆగిపోయింది. రాయడానికి తీరికొక్కటే చాలదు, రేపు ఎక్కడుంటామో తెలియాలి. బదిలీలమీద ఊళ్ళు మారిన మనవాళ్ళకి ఇది తెలిసిన బాధే.

1809లో అన్న ఎడ్వర్డ్ చాటన్ అనే పల్లెలో ఇల్లు ఇచ్చాడు. తల్లి, అక్క, స్నేహితురాలు మార్తా లాయిడ్, జేన్. నలుగురూ ఆడవాళ్ళే. పొద్దున్న ఫలహారం, టీ, పంచదార జేన్ వంతు. మిగతా ఇంటిపని చాలావరకు కసాండ్రా, మార్తా చూసుకునేవారు. ఆమె నవలల గురించి రాసేవాళ్ళు ఈ ఇద్దరికీ ఇంకొంచెం చోటివ్వాలని నాకనిపిస్తుంది.

అక్కడ ఆమె చేసిన మొదటి పని, పాత రాతప్రతులు బయటికి తియ్యడం. ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ మొదట్లో ఉత్తరాల రూపంలో ఉండేదని ఇంట్లోవాళ్ళు చెప్పుకునేవారు. దాన్ని మామూలు కథనంలోకి మార్చింది. 1811లో సొంత పూచీమీద అచ్చు వేయించింది, పేరు లేకుండా, రాసినావిడ ఒక మహిళ అని మాత్రమే. (‘ప్రియురాలు పిలిచింది’ సినిమాకి ఆధారం ఇదే.) మొదటి ముద్రణమీద 140 పౌన్లు మిగిలాయి. వెనకటికి చూడకుండానే వద్దన్న నవలని కత్తిరించి, కుదించి, 110 పౌన్లకి హక్కులు అమ్మేస్తే 1813లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ వచ్చింది.

నా కథ ఒకటి పదేళ్ళ కిందట తిరిగొస్తే ట్రంకుపెట్టె అడుగున పడేశాను. ఈమధ్య తీసి చూస్తే, వెనక్కి పంపినవాళ్ళమీద ఉన్న కోపం సగం పోయింది. మొదటి మూడు పేజీలూ అనవసరం! ఆ సంగతి అప్పట్లో నాకు తెలియలేదు.

జేన్ ఎంత మారిందో ‘పర్సుయేషన్’లో కనబడుతుంది. ఎలిజబెత్‌కి ఇరవయ్యేళ్ళు, చురుకైన నోరు. ఈ నవలలో ఆన్‌కి ఇరవై ఏడు. పంతొమ్మిదో ఏట పెద్దల మాట విని, ప్రేమించినవాణ్ణి వదులుకుని వడలిపోయిన మనిషి. 1816 జులై 18న నవల పూర్తయిందని తేదీ వేసింది జేన్. కానీ ముగింపు నచ్చలేదు. అందులో ఒక పెద్దాయన పనుపున, ఆన్‌కి వేరేచోట పెళ్ళి కుదిరిందా అని అడగడానికి నాయకుడు వస్తాడు. అలా విడిపోయినవాళ్ళు కలుస్తారు. ఆమె చేసిందేమీ లేదు. జేన్ మళ్ళీ కూర్చుంది. కొత్త ముగింపులో ఆన్ ఇంకొకాయనతో, ఆడవాళ్ళ ప్రేమ ఎక్కువకాలం నిలుస్తుందా, మగవాళ్ళదా అని మాట్లాడుతుంటుంది. అదే గదిలో ఉత్తరం రాసుకుంటున్న నాయకుడు ఆ మాటలు వింటాడు. విని ఆమెకి ఉత్తరం రాస్తాడు. తొమ్మిది వందల కాగితాలు ఖర్చుచేసినా నాకు తట్టని కిటుకు ఇది. కలిపింది ఆమె మాటే! ఆగస్టు 6కల్లా మార్పు పూర్తయింది. కొట్టేసిన ఆ పాత అధ్యాయాల రాతప్రతి ఇప్పటికీ ఉంది.

అదే ఏడు అన్న హెన్రీ పది పౌన్లు కట్టి పాత నవలని విడిపించాడు. విడిపించాకే చెప్పాడట, అది ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ రాసినావిడదేనని!

అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు. 1817 జనవరిలో కొత్త నవల మొదలుపెట్టింది, లేని జబ్బులు ఊహించుకునే మనుషులమీద నవ్వుతూ. మార్చి 18న కలం ఆగింది. ‘పర్సుయేషన్’ ముగించానని తేదీ వేసిన రోజుకి సరిగ్గా ఏడాదికి, జులై 18న, వించెస్టర్‌లో అక్క దగ్గరుండగా కన్నుమూసింది. నలభై ఒక్కేళ్ళు. విడిపించిన నవల, ‘పర్సుయేషన్’ కలిసి ఆ డిసెంబరులో వెలువడ్డాయి. హెన్రీ రాసిన ముందుమాటతో ఆమె పేరు లోకానికి అధికారికంగా తెలిసింది.

వించెస్టర్ పెద్ద చర్చిలో సమాధి రాతిమీద ఆమె మంచితనం, భక్తి, కుటుంబం అన్నీ చెక్కారు. నవలల ఊసు లేదు. కొన్నేళ్ళకి ఆ సమాధి ఎక్కడని ఒకాయన అడిగితే, చర్చి కాపలాదారు చూపించి, ఈవిడలో ఏమన్నా విశేషం ఉందా బాబూ, ఇంతమంది వచ్చి అడుగుతున్నారని ఆశ్చర్యపోయాడట.