లెక్కపెట్టి తేల్చిన మనిషి: విల్‌హెల్మ్ కోర్నర్

ఆర్థో, మెటా, పారా. ఇంటర్ నుంచి మనల్ని వదలని ఈ మూడు మాటల్లో ఏది ఏ పదార్థానిదో మొదటిసారి అనుమానం లేకుండా తేల్చినవాడు విల్‌హెల్మ్ కోర్నర్.

1839లో జర్మనీలోని కాసెల్‌లో పుట్టాడు. గీసెన్‌లో చదువుకున్నాక బెల్జియంలోని ఘెంట్‌లో కెకులే దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. బెంజీన్ అంటే ఆరు కార్బన్ల ఉంగరం అని కెకులే 1865లో చెప్పాడు. ఆ ఉంగరమే కోర్నర్‌కి జీవితకాలపు పని ఇచ్చింది. 1867లో పలెర్మోకి వెళ్ళి కన్నిజ్జారో ల్యాబ్‌లో చేరాడు. 1870లో మిలాన్‌లోని వ్యవసాయ కళాశాలలో ప్రొఫెసర్ అయ్యాడు. ఇక ఇటలీనే ఇల్లు చేసుకున్నాడు, పేరు కూడా గుగ్లియెల్మో అయిపోయింది.

అప్పట్లో చిక్కేమిటంటే, డైబ్రోమోబెంజీన్‌లు మూడున్నాయి. ఫార్ములా ఒకటే. ఒకటి 87 డిగ్రీల దగ్గర కరిగే ఘనం, మిగతా రెండూ ద్రవాలు. బ్రోమిన్లు పక్కపక్కన ఉన్నది ఏది, ఎదురెదురుగా ఉన్నది ఏది? లోపలికి తొంగిచూసే పరికరమేదీ లేదు. ఒకరు ఆర్థో అన్నదాన్ని ఇంకొకరు మెటా అనేవారు.

కోర్నర్ దారి సింపుల్‌గా కనిపిస్తుంది. ఒక్కోదానికి మూడో బ్రోమిన్ తగిలించి, ఎన్ని రకాల ట్రైబ్రోమోబెంజీన్‌లు వస్తాయో లెక్కపెట్టాలి. పారా నుంచి ఒక్కటే వస్తుంది, ఆర్థో నుంచి రెండు, మెటా నుంచి మూడు. కానీ చెయ్యడం నరకం. కొన్ని ఉత్పత్తులు చాలా కొద్దిగానే వస్తాయి. స్ఫటికాలుగా వేరుచేస్తూ పోయేటప్పుడు ఒక్కటి చెయ్యి జారినా మెటా కాస్తా ఆర్థోలా కనిపిస్తుంది, లెక్కంతా తప్పుతుంది. ఏళ్ళ తరబడి చేసిన ఈ పనిని 1874లో ఇటలీ పత్రికలోనే అచ్చువేశాడు.

1922 దాకా మిలాన్‌లోనే పాఠాలు చెప్పి, 1925లో అక్కడే కన్నుమూశాడు. కార్బన్-13 అనే ఐసోటోప్ బయటపడింది 1929లో. దాని ఎన్‌ఎంఆర్ సిగ్నల్స్ మొదట 1957లో దొరికాయి. ఇవాళ అదే ప్రశ్నకి కాస్త శాంపిల్, కొన్ని నిమిషాలు చాలు: పారాకి రెండు పీకులు, ఆర్థోకి మూడు, మెటాకి నాలుగు.

కోర్నర్ లెక్క ఒకటి, రెండు, మూడు కదా. ప్రతిదానికీ ఒకటి ఎందుకు పెరిగింది? ఆయన లెక్కపెట్టింది హైడ్రోజన్ ఉన్న కార్బన్లు ఎన్ని రకాలో. మన మెషీన్ బ్రోమిన్ పట్టుకున్న కార్బన్‌ని కూడా చూస్తుంది. ఆ పీకు మాత్రం చిన్నగా ఉంటుంది, నాయిస్ అనుకుని వదిలేశామా, మెటా మళ్ళీ ఆర్థో అయిపోతుంది. అంటే పరికరం మారినా, ఒక్కటీ జారిపోకుండా చూసుకునే ఆయన ఓపిక మనకి ఇప్పటికీ కావాలి.