గొంతు లేకపోయినా వినిపించిన మనిషి

రామచంద్రపురంలో మా అమ్మమ్మగారింట్లో సాయంత్రం ఏడయ్యేసరికి రేడియో పెట్టాల్సిందే. విజయవాడ కేంద్రం. ముందు కచేరీ, తర్వాత ఎవరో ఒక పెద్దాయన ప్రసంగం, ఆపైన నాటిక. కచేరీ వింటూ చారు పోపు వేసేది అమ్మమ్మ. ప్రసంగం టైములో మాకు అన్నాలు పెట్టేసేది (ప్రసంగాలంటే ఆవిడకి అంత ఇష్టం ఉండేది కాదు లెండి). నాటిక మొదలయ్యేసరికి మాత్రం వంటిల్లు సర్దేసుకుని గుమ్మంలో కాళ్లు చాపుక్కూచునేది. అప్పుడు ఎవరూ పలకరించకూడదు.

ఒకరోజు నాటిక చివర్న, రాసినవారు దేవులపల్లి కృష్ణశాస్త్రి అని చెప్పారు. ఇందాకటినుంచీ మాట్లాడినవాళ్లలో ఆయన గొంతు ఏదని అడిగాను. ఆయనకి గొంతే లేదంది అమ్మమ్మ. తొమ్మిదేళ్లదాన్ని, నాకేమీ అర్థం కాలేదు.

పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ఆయన మా జిల్లావారే. 1897లో పిఠాపురం దగ్గర చంద్రంపాలెంలో పుట్టారు. తండ్రీ, పెదతండ్రీ పిఠాపురం ఆస్థానంలో పేరుమోసిన పండితులు. అలాంటి ఇంటి పిల్లాడు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి ప్రభావంతో బ్రహ్మసమాజంలో కలిశాడంటే ఇంట్లో ఏం జరిగి ఉంటుందో ఊహించుకోండి! 1922లో మొదటి భార్య పోయింది. 1925లో 'కృష్ణపక్షం' వచ్చింది. ఆ కన్నీళ్లని వెక్కిరించినవాళ్లు చాలామందే ఉన్నారు. కాలేజీలో ఉండగా నాకూ కాస్త ఎక్కువేననిపించేది. కానీ అదే మనిషి కళావంతుల ఆడపిల్లలకి పెళ్లిళ్లు చేయించారనీ, హరిజనుల పక్షాన నిలబడినందుకు అయినవాళ్లే వెలివేశారనీ తెలిశాక ఇంక వెక్కిరించబుద్ధి కాలేదు.

అప్పట్లో ఆయన ఆస్తి అంతా గొంతే. ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడేవారు. తన పద్యాలే కాదు, తోటి కవులవీ చదివి వినిపించేవారు. పుస్తకం కొనలేని ఊళ్లకి కూడా భావకవిత్వం చేరిందంటే ఆ గొంతు చలవే. కాకినాడ కాలేజీలో కొన్నేళ్లు పాఠాలూ చెప్పారు.

తర్వాత రేడియో. మద్రాసు కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో వచ్చాయి. 1945 నుంచి ఆయన రేడియోకి పాటలూ, నాటికలూ, సంగీత రూపకాలూ రాశారు. 'శర్మిష్ఠ', 'ధనుర్దాసు', 'అతిథిశాల' అలా పుట్టినవే. తర్వాత హైదరాబాదు కేంద్రంలో పనిచేశారు. మనం బడిలో పాడుకున్న 'జయ జయ ప్రియభారత' గీతం కూడా ఆయనదే. దానికి బాణీ కట్టింది మేనకోడలు వింజమూరి అనసూయాదేవిగారు. ఆవిడ తల్లి, అంటే కృష్ణశాస్త్రిగారి అక్కచెల్లెళ్లలో ఒకరైన వెంకటరత్నమ్మగారు, ఆ రోజుల్లోనే కాకినాడ నుంచి ఆడవాళ్ల కోసం పత్రిక నడిపారు. ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరేం?

1963లో గొంతుకి కేన్సరు వచ్చింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. అంత ఉపన్యాసకుడు! ఆ తర్వాత ఏం కావాలన్నా కాగితం మీద రాసి చూపించడమే. మంచినీళ్లు అడగాలన్నా, కూర బావుందని చెప్పాలన్నా చీటీయే. ఆ చీటీల్లో సగం ఆ ఇంటి ఆడవాళ్లే చదివి ఉంటారు. కోపమొచ్చినప్పుడు ఏం రాసేవారో! అరవడానికి లేదు కదా. అయినా రాయడం ఆపలేదు. 1980లో పోయేదాకా పదిహేడేళ్లు ఆయన మాటలు రేడియోలోనూ, సినిమాల్లోనూ ఇతరుల గొంతుల్లోనే వినిపించాయి. పోయిన రెండేళ్లకి 'మేఘసందేశం'లో కూడా.

మొన్న ఫోనులో ఆయన పాత నాటిక ఒకటి పెట్టుకుని వంట చేస్తున్నాను. మా అమ్మాయి వచ్చి, ఇందులో రాసినాయన గొంతు ఏదని అడిగింది. చారు దించి, స్టవ్వు కట్టేసి, దాన్ని పక్కన కూచోబెట్టుకున్నాను.