వాచ్ డయల్ మారిస్తే సరిపోతుందా? మిషన్ సంగతేంటి? 200 ఏళ్ల కిందటే దారి చూపిన బ్రెగే జీవితం ఇదీ..

నాయన పెళ్లినాటి హెచ్‌ఎంటీ వాచ్ బీరువాలో పడి ఉందా? దానికి కొత్త డయల్, కొత్త ముళ్లు వేయించి చేతికి పెట్టుకోవాలని ఉందా? పాత వాచీలకు రూపం మార్చడం ఇప్పుడు కుర్రాళ్లకు మంచి హాబీ. బెంగళూరు రోడ్డు మీదున్న పలమనేరు వాళ్లకు హెచ్‌ఎంటీ పరాయిది కాదు. 1961లో జపాన్ కంపెనీ సిటిజన్ సాయంతో ఆ వాచీల తయారీ మొదలైంది బెంగళూరులోనే. అయితే వాచ్ విప్పే ముందు ఒక మనిషి గురించి తెలుసుకోవాలి. ఆయనే అబ్రహాం లూయీ బ్రెగే.

తండ్రి పోయాక పనిలోకి..

బ్రెగే 1747 జనవరి 10న స్విట్జర్లాండ్‌లోని న్యూషాటెల్‌లో పుట్టారు. 11 ఏళ్లకే తండ్రి చనిపోయారు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నారు. సవతి తండ్రిది వాచీల కుటుంబం. అలా 15 ఏళ్ల వయసులో ఫ్రాన్స్‌ వెళ్లి, వెర్సాయ్‌లో ఒక వాచ్ మేస్త్రీ దగ్గర పనికి కుదిరారు. పగలు పని, సాయంత్రం లెక్కల క్లాసు. 1775లో పారిస్‌లో సొంత దుకాణం తెరిచారు.

డయల్ అంటే సోకు కాదు

అప్పట్లో వాచ్ డయల్ అంటే నిండా నగిషీలే. టైమ్ ఎంతయిందో వెతుక్కోవాల్సిందే. బ్రెగే ఆ సోకంతా తీసేశారు. చివర్లో చిన్న గుండ్రటి బోలు ఉండే సన్నటి ముళ్లు తెచ్చారు. వాచీల వాళ్లు ఇప్పటికీ వాటిని బ్రెగే ముళ్లు అనే పిలుస్తారు. 1786 ప్రాంతం నుంచి వెండి, బంగారు డయల్స్ మీద చేతితో తిప్పే యంత్రంతో సన్నటి గీతల డిజైన్లు చెక్కించారు. దాన్నే గియోషే అంటారు. చూడ్డానికి అందం, పైగా వెలుగు పడితే కళ్లకు కొట్టదు. ఏ అంకె ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది.

కింద పడినా ఆగకూడదు..

అసలు గొప్పతనం లోపల ఉంది. వాచ్ కింద పడితే ముందు విరిగేది బ్యాలెన్స్ చక్రం ఇరుసు కొనలే. అవి సూది మొనంత సన్నగా ఉంటాయి. 1790లో బ్రెగే ఆ కొనలకు స్ప్రింగ్ ఆసరా పెట్టారు. దెబ్బ తగిలితే ఆ స్ప్రింగ్ వంగి, మళ్లీ యథాస్థానానికి వస్తుంది. నేటి వాచీల్లోని షాక్ ప్రొటెక్షన్‌కు మూలం ఇదే. 1795లో హెయిర్ స్ప్రింగ్ చివరి చుట్టును పైకి లేపి లోపలికి వంచారు. దాంతో స్ప్రింగ్ అన్ని వైపులా సమంగా సాగి, టైమ్ నిలకడగా నడిచింది. నిలువుగా జేబులో ఉండే వాచీని భూమ్యాకర్షణ తప్పుదారి పట్టించకుండా టూర్బియాన్ కనిపెట్టి, 1801 జూన్ 26న పేటెంట్ తీసుకున్నారు.

విప్లవం.. పరారీ.. నకిలీల బెడద

ఫ్రెంచి విప్లవంలో ప్రాణభయంతో 1793లో పారిస్ విడిచి స్విట్జర్లాండ్ చేరారు. 1795లో తిరిగొచ్చి, వ్యాపారం మళ్లీ నిలబెట్టారు. ఒకే ముల్లుతో సాదా వాచ్ తయారు చేసి, ధరలో నాలుగో వంతు అడ్వాన్సుగా తీసుకుని అమ్మారు.

పేరు పెరిగింది, నకిలీలూ పెరిగాయి. ఆయన పేరు రాసి ఎవరెవరో వాచీలు అమ్మేశారు. దానికి బ్రెగే విరుగుడు కనిపెట్టారు. డయల్ మీద రహస్య సంతకం చెక్కించారు. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూస్తేనే అది కనిపిస్తుంది.

రాణి చూడని వాచ్

ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ కోసం 1783లో ఒక వాచ్ ఆర్డర్ వచ్చింది. ఖర్చుకు, గడువుకు హద్దే లేదు. 1793లో రాణికి మరణశిక్ష పడింది. 1823 సెప్టెంబర్ 17న బ్రెగే కూడా కన్నుమూశారు. వాచ్ పూర్తయింది 1827లో. అంటే 44 ఏళ్లు! 1983లో జెరూసలేం మ్యూజియంలో అది చోరీకి గురైంది. దొరికిందన్న సంగతి 2007లో లోకానికి తెలిసింది.

మనకేంటి?

హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూతకు కేంద్రం 2016లో ఓకే చెప్పింది. పాత డయల్ పోతే కొత్తగా కంపెనీది దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే కొత్తగా ప్రింట్ చేసిన డయల్స్ వేసి, ఒరిజినల్ అని అంటగట్టే వాళ్లున్నారు. కొనే ముందు అక్షరాల అంచులు, లోగో వంకర లెన్స్‌తో చూడండి.

సొంత వాచ్ మార్చుకుంటుంటే ముందు మిషన్ సర్వీసింగ్ చేయించండి. డయల్ వెనక కాళ్లు మిషన్ రంధ్రాల్లో సరిగ్గా కూర్చోవాలి. జిగురుతో అంటిస్తే జారిపోయి ముళ్లకు తగలొచ్చు. తీసిన పాత డయల్ పారేయకండి.. నాయన జ్ఞాపకం అందులోనే ఉంటుంది. పైగా అది అసలుదని చెప్పే సంతకం కూడా అదే.