చిత్తూరు నాగయ్య: అవార్డులు పుట్టకముందు మహానటుడు

డిసెంబరు 30 చిత్తూరు వి. నాగయ్యగారి వర్ధంతి. 1973లో అదే రోజున ఆయన మద్రాసులో కన్నుమూశారు. ఆయన పేరు ముందున్న చిత్తూరు మన తిరుత్తణి వాళ్లకు పరాయి ఊరేమీ కాదు. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు అమల్లోకి వచ్చేదాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ తీర్పును ఇంగ్లీషులో అవార్డు అంటారు. ఇక్కడి తెలుగువాళ్లకు దక్కిన అవార్డు అదొక్కటే అని మేము సరదాగా అనుకుంటుంటాం. నాగయ్యగారికి మాత్రం అసలైన అవార్డే వచ్చింది. కాకపోతే చాలా ఆలస్యంగా వచ్చింది.

ఆయన పుట్టింది 1904 మార్చి 28న, గుంటూరు జిల్లా రేపల్లెలో. పెరిగింది, పేరు తెచ్చుకుంది చిత్తూరులో. అక్కడి రామవిలాస సభ నాటకాల్లో ఆడవేషాలు వేశారు. సారంగధర నాటకంలో చిత్రాంగి వేషం ఆయనకు బాగా పేరు తెచ్చింది. మంచి గొంతు, సంగీతం మీద పట్టు ఉన్నా కడుపు నింపుకోవడానికి కొంతకాలం చిత్తూరులో గుమాస్తాగా పనిచేశారు. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన మా బోటివాళ్లకు ఈ సంగతి కొంచెం ఎక్కువ ఇష్టం. ఆ తర్వాత ఇంట్లో వరుసగా దుఃఖాలు వచ్చాయి. భార్యను పోగొట్టుకుని, మనసు విరిగి, తిరువణ్ణామలై రమణాశ్రమంలో కొన్నాళ్లు గడిపారు.

సినిమాలోకి వచ్చింది 1938లో, హెచ్.ఎం. రెడ్డి తీసిన గృహలక్ష్మితో. అప్పటికి వయసు ముప్పై నాలుగు. మరుసటి ఏడాది బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థ పేర తీసిన వందేమాతరంలో కాంచనమాల సరసన కథానాయకుడయ్యారు. 1940లో వచ్చిన సుమంగళిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారిని తలపించే ముసలి సంస్కర్త పాత్ర వేశారు. వయసులో ఉన్న హీరో వృద్ధుడిగా కనబడటానికి ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ తర్వాత కె.వి. రెడ్డి దర్శకుడిగా తీసిన మొదటి సినిమా భక్త పోతనలో పోతన ఆయనే. 1947లో అదే దర్శకుడి యోగి వేమనలో వేమన కూడా ఆయనే.

అప్పుడే ఆయనకు భారతదేశపు పాల్ ముని అన్న పేరు వచ్చింది. ఈ తరం పిల్లలకు పాల్ ముని ఎవరో తెలియదు కనుక కాస్త చెప్పాలి. హాలీవుడ్‌లో సినిమావాళ్లే కలిసి ఏర్పాటు చేసుకున్న అకాడమీ 1929 మే నుంచి ఏటా అవార్డులు ఇస్తోంది. మనం ఆస్కార్ అంటున్నది వాటినే. లూయీ పాశ్చర్ జీవిత కథలో పాశ్చర్‌గా నటించినందుకు పాల్ ముని 1937లో ఉత్తమ నటుడి ఆస్కార్ అందుకున్నారు. ఆయన ఎమిల్ జోలాగా నటించిన చిత్రం మరుసటి ఏడు ఉత్తమ చిత్రం అయింది. మహనీయుల జీవితాలను తెరమీద బతికించడం ఆయన ప్రత్యేకత. ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన యూదు కుటుంబంలో పుట్టి, అమెరికాలో ఇడ్డిష్ నాటకాల్లో పెరిగారు. చుట్టూ ఇంగ్లీషు మాట్లాడే ఊళ్లో తమ భాషను, తమ నాటకాన్ని నిలబెట్టుకున్న కుటుంబాలవి. తమిళనాట తెలుగు ఇళ్లలో పుట్టిన మనకు దీన్ని విడమరిచి చెప్పక్కరలేదు.

పోలిక బాగానే ఉంది. కానీ పాల్ మునికి పతకం ఉంది, నాగయ్యగారికి పోలిక మాత్రమే ఉంది. మన దేశంలో జాతీయ సినిమా అవార్డులు మొదలైంది 1954లో. నటులకు విడిగా జాతీయ అవార్డు ఇవ్వడం 1967 నాటి చిత్రాలతో మొదలైంది. ఫాల్కే అవార్డు అంతకన్నా తర్వాతది. నాగయ్యగారి గొప్ప కాలం 1939 నుంచి 1947 దాకా. ఆ సినిమాలను నిలబెట్టి చూసి బహుమతి ఇచ్చే ఏర్పాటే అప్పుడు లేదు. అందుకే మనవాడి గొప్పతనం చెప్పడానికి అమెరికా నటుడి పేరు అరువు తెచ్చుకోవలసి వచ్చింది.

1946 నాటి త్యాగయ్య మా దృష్టిలో ఆయన అన్నిటికన్నా పెద్ద పని. స్వయంగా తీసి, దర్శకత్వం వహించి, సంగీతం చూసుకుని, త్యాగరాజస్వామిగా నటించి, పాడారు. కావేరి ఒడ్డున తిరువైయారులో ఉంటూ తెలుగులో కీర్తనలు రాసిన మహానుభావుడి కథ అది. మన బతుకుకు అంత దగ్గరైన కథ ఇంకొకటి తెరమీదకు వచ్చిందని మేము అనుకోము. తమిళులకూ ఆయన బాగా తెలిసినవారే. 1941లో త్యాగరాజ భాగవతర్ అశోక్ కుమార్‌లో అశోక చక్రవర్తి, 1945లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి మీరాలో రాణా ఆయనే. ఆ మీరా దర్శకుడు ఎల్లిస్ డంగన్ అమెరికావాడు.

డబ్బు చేతిలో నిలవలేదు. అడిగినవాళ్లకు లేదనలేదు. సొంతంగా తీసిన నా ఇల్లు వంటి చిత్రాలు ఖర్చునే మిగిల్చాయి. లవకుశలో వాల్మీకిగా ఆయన్ను చూసిన మనలో చాలామందికి అప్పటికే ఆయన చిన్న పాత్రలతో రోజులు గడుపుతున్నారని తెలియదు. 1964లో భక్త రామదాసును స్వయంగా తీసి, దర్శకత్వం వహించి, గోపన్నగా నటించారు. అప్పటికి అరవై ఏళ్లు.

మరుసటి ఏడు, 1965లో, పద్మశ్రీ ఇచ్చారు. దక్షిణాది సినిమా నటుల్లో మొదటి పద్మశ్రీ ఆయనదే. గౌరవం పెద్దదే, కాదనము. కానీ దానితో మందుల ఖర్చు రాదు, అప్పూ తీరదు. వేమన, త్యాగయ్య వచ్చిన రోజుల్లోనే అలాంటి గుర్తింపు ఉండి ఉంటే నిర్మాతగా ఆయన మాటకు ఇంకొంచెం బలం ఉండేదేమో. చివరి రోజులు ఇబ్బందుల్లోనే గడిచాయి.

చిత్తూరులో ఆయన పేర నాగయ్య కళాక్షేత్రం ఉంది. చెన్నై టి. నగర్ పానగల్ పార్కులో విగ్రహం ఉంది. పెళ్లి చీరలకు తిరువళ్లూరు నుంచి రైలెక్కి టి. నగర్ వెళ్లే మన కుటుంబాలు ఆ పార్కు పక్కనుంచే నడుస్తాయి. ఈసారి వెళ్లినప్పుడు పిల్లలను లోపలికి తీసుకెళ్లి, ఆయనెవరో చెప్పండి.