డాక్టరు థామస్ ఆడిసన్

మూత్రపిండములపై టోపీలవలె అమరియుండు అధివృక్క గ్రంథులను మేము నల్లబల్లపై గీసి చూపునపుడెల్ల థామస్ ఆడిసన్ అను వైద్యుడు మాకు జ్ఞప్తికి వచ్చుచుండును. పదునారవ శతాబ్దము నుండియు పండితులు ఆ గ్రంథుల నెరుగుదురు. కాని వాని ప్రయోజన మేమో సుమారు మూడువందల యేండ్లవరకు ఎవ్వరికిని తెలియదు.

ఆడిసన్ 1793వ సంవత్సరమున ఇంగ్లండులోని న్యూకాసిల్ సమీపమున లాంగ్ బెంటన్ గ్రామమందు జన్మించెను. తండ్రి పచారిసరకుల వర్తకుడు. ఆడిసన్ 1815లో ఎడింబరోలో వైద్యపట్టము పొంది, పిమ్మట లండనులోని గైస్ ఆసుపత్రిలో చేరి, 1824లో సహాయవైద్యుడును, 1837లో వైద్యుడును అయ్యెను. పైకి కఠినుడుగా కనబడినను, లోన మిక్కిలి బిడియస్థుడు. శిష్యులకు మాత్రము ఆయనయందు అపారమైన గౌరవము.

ఆ దినములలో కొందరు రోగులు కారణము తెలియకుండ నానాటికి నీరసించి, నాడి సన్నగిల్లి, వాంతులతో బాధపడి, చర్మము నల్లబడి మరణించుచుండిరి. అట్టివారి కళేబరములను పరీక్షించి, చెడియున్నవి ఈ చిన్న గ్రంథులే యని ఆడిసన్ కనుగొనెను. కొందరిలో క్షయయు, మరికొందరిలో కేన్సరును వానిని నాశనము చేసియుండెను. పదునొకండుగురి వృత్తాంతములతో ఆయన 1855లో గ్రంథము ప్రకటించెను. కొందరు పెద్దలు నమ్మలేదు. అయినను 1856లో బ్రౌన్ సెకార్డు అను శాస్త్రజ్ఞుడు జంతువులనుండి ఆ గ్రంథులను తీసివేసి, అవి లేనిదే ప్రాణము నిలువదని చూపెను. తరువాత ఆ వ్యాధికి ఆడిసన్ పేరే స్థిరపడెను. పరుల వ్యాధుల నెరిగిన ఆ మహనీయుడు తాను మనోవ్యాధికి లోబడి, 1860 జూన్ 29వ తేదీన బ్రైటను పట్టణమున అసువులు బాసెను.

ఆయన మరణానంతరము మాత్రమే చూడగలిగిన దానిని నేటి వైద్యులు శస్త్రచికిత్సకు ముందే చూడగలుగుచున్నారు. స్కానుతో గ్రంథిలోని గడ్డను కనుగొని, అవసరమైనచో సన్నని సూదితో అణుమాత్రము కణజాలము తీసి పరీక్షింతురు. వేరొక అవయవమునందలి కేన్సరు అచ్చటికి ప్రాకినదా యని తెలిసికొనుటకు ఇది ముఖ్యముగా ఉపకరించును. కాని ఫియోక్రోమోసైటోమా అను అరుదైన గడ్డను సూది తాకినచో, అడ్రినలిను ఒక్కుమ్మడి వెలువడి, రక్తపుపోటు పెరిగి, ప్రాణాపాయము కలుగవచ్చును. కావున ముందుగా రక్తమునో మూత్రమునో పరీక్షించి, అది కాదని నిశ్చయించుకొనిన పిమ్మటనే సూది చేపట్టుదురు.

విద్యార్థులారా! ఓర్పుతో చూచుట, తెలిసికొనిన పిమ్మటనే చేయి వేయుట, ఈ రెండును మీరు ఆడిసన్ జీవితమునుండి గ్రహింతురు గాక. అల్పమని లోకము విడిచినదానిని ఆయన విడువలేదు. అందుచేతనే నేడు ఆ వ్యాధిగ్రస్తులు ఔషధము సేవించుచు తమ బిడ్డల నడుమ జీవించుచున్నారు.