యల్లాప్రగడ సుబ్బారావు – సూక్ష్మజీవి తూచిన మందు

రాత్రి కాచి చల్లార్చిన పాలలో తల్లి వేసే తోడు ఎంతటిది? చెంచాడు మాత్రమే. తెల్లవారేసరికి గిన్నెడు పాలు గడ్డపెరుగవుతాయి. తోడులోని లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా పాలలోని చక్కెరను ఆమ్లంగా మార్చడమే ఇందుకు కారణం. వాటిలో కొన్ని జాతులు పాలలోని సిట్రేటును సైతం విడగొట్టి వెన్నకు కమ్మని వాసన కలిగిస్తాయి. ఈ తెగకే చెందిన ఒక సూక్ష్మజీవి ఆకలిని ఆధారంగా చేసుకొని మహౌషధాన్ని సాధించిన శాస్త్రజ్ఞుల బృందానికి నాయకుడు మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. బాల్యంలో చదువుపై శ్రద్ధ తక్కువ. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచిన కుమారుని తల్లి వెనక్కు రప్పించింది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని చేజిక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. తత్ఫలితంగా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఇంతలో ఆ ఇంట పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధికి ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో బలయ్యారు. పేగులు ఆహారసారాన్ని గ్రహించలేక, రోగి విరేచనాలతో, రక్తహీనతతో కృశించిపోయే వ్యాధి అది. మన పెద్దలు గ్రహణి, సంగ్రహణి అని వర్ణించిన రుగ్మతలను పోలినది. వైద్యవిద్య నేర్చినవాడు ఇంట ఉండీ మందు లేకపోవడం ఎంతటి నిస్సహాయత!

ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించిన పిమ్మట, మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ విరాళంతోను 1923లో ఆయన బోస్టన్ చేరుకున్నారు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయింది. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లపై వారి పరిశోధనలు జగత్ప్రసిద్ధాలు. అయినా అక్కడ శాశ్వత పదవి లభించలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు.

గర్భిణులలో కనిపించే ఒక రకం రక్తహీనతను ఈస్టు సారం పోగొడుతున్నదని లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో పరిశీలించి 1931లోనే ప్రకటించింది. ఆ సారంలోని ప్రాణప్రదమైన పదార్థం ఏది? అది అత్యల్ప పరిమాణంలో ఉంటుంది. కంటికి కనబడదు, తక్కెడకు తూగదు. అందుకు లాక్టోబాసిల్లస్ కేసీ అనే సూక్ష్మజీవి తక్కెడ అయింది. ఈ బాక్టీరియా ఆ పదార్థాన్ని స్వయంగా తయారుచేసుకోలేదు. అది లేనిదే కణంలో డి.ఎన్.ఏ. నిర్మాణం సాగదు, కణం రెండు కాదు. తక్కిన ఆహారమంతా అమర్చి, ఆ ఒక్కటీ లేని ద్రావణంలో బాక్టీరియాను ఉంచుతారు. దానికి ఇంత కాలేయసారం కలుపుతారు. సుమారు 3 రోజుల తరువాత ఎంత ఆమ్లం పుట్టిందో కొలుస్తారు. ఆమ్లం ఎక్కువైతే ఆ పదార్థం ఎక్కువున్నట్లే. గిన్నెలోని పెరుగు పులుపును చూసి తోడు బలాన్ని అంచనా వేసినట్లన్నమాట!

అలా అంచెలంచెలుగా శుద్ధిచేస్తూ పోయారు. ఆ కార్యంలో స్టోక్‌స్టాడ్ కృషి గణనీయమైనది. 1945లో ఆ బృందం ఆ పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. ఎముకల మజ్జలో రక్తకణాలు వృద్ధి చెందడానికి కూడా అదే అవసరం. టామ్ స్పైస్ అనే వైద్యుడు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా వారికి రక్తం పట్టింది, ఆకలి పుట్టింది.

పెరిగే కణానికి ఫోలిక్ ఆమ్లం అన్నమైతే, దానిని పోలిన నకిలీ పదార్థంతో క్యాన్సర్ కణాన్ని పస్తు పెట్టవచ్చు కదా! ఆ బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించి, 1948లో ఆ ఫలితాలను ప్రకటించారు. దాని సోదరి మెథోట్రెక్సేట్. ఎర్రమంజిల్ పక్కన పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో కీళ్లవాత రోగుల మందుచీటీలలో నేడు కనబడేది అదే.

ప్రస్తుతం ఉష్ణమండల స్ప్రూకు ఫోలిక్ ఆమ్లంతోపాటు టెట్రాసైక్లిన్ ఇస్తున్నారు. ఆ తెగలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను డగ్గర్ కనుగొన్నది సుబ్బారావు పర్యవేక్షణలోని ప్రయోగశాలలోనే. అది 1948లో లోకానికి వెల్లడైంది. ఆ ఏడాది ఆగస్టులోనే, 53వ ఏట, సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. 1923లో విడిచివచ్చిన స్వదేశాన్ని గాని, శేషగిరిని గాని ఆయన మరల చూడలేదు.